ఛాయాచిత్రము – వంశచరిత్ర : ప్రామాణ్య విచారము

నాటి గంజాం, విశాఖపట్టణ జిల్లాలనుండి బర్మాకును మారిషస్సుకును తెలుగువారనేకులు వలసపోయిరి. వారి సంతతివారు పూర్వుల ఊరు వెదకునపుడు తరచుగా చేతనుండునవి రెండే: పాత ఛాయాచిత్రము, దూరపు బంధువు మాట. వీని ప్రామాణ్యమెట్టిదో విచారింతము.

చిత్రము రూపమును చెప్పును గాని పేరును చెప్పదు. వెనుక నున్న పేరు తరము గడచినపిమ్మట మరియొకరు వ్రాసినది కావచ్చును. దానిని మూలముగా గాక వ్యాఖ్యగా గ్రహింపవలెను. మారిషస్సులో మహాత్మాగాంధీ సంస్థ భద్రపరచిన చిత్రములు వలసదారుని సంఖ్యతో ముడివడినవి. అందుచే వానికి బలమెక్కువ.

ఇక మాట. ఆ రెండు దేశములందును తెలుగువారిని 'కోరంగి'లనిరి. అది ఓడరేవు పేరు. "మావారు కోరంగివారు" అన్న బంధువు అబద్ధమాడుటలేదు. అయినను గోదావరి తీరమున వెదకినవారికి సోంపేట దొరకదు. అట్లే పత్రమున 'గంజాం' అని యున్నంతనే ఒడిశాకు పోరాదు. 1936 వరకు సోంపేట గంజాంలోనిదే. పిమ్మట విశాఖపట్టణ జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళము జిల్లాలోనిదయ్యెను.

1942లో బర్మానుండి కాలినడకన వచ్చినవారికి వృద్ధుల మాటయే శరణ్యమని కొందరందురు. సత్యమే. కాని ఒకరినొకరు ఎరుగని రెండు శాఖలవారు ఇంటిపేరును, గ్రామదేవతను, వియ్యమందిన ఊళ్లను ఒకేవిధముగా చెప్పిననే అది ప్రమాణము. తాళపత్ర పరిష్కరణమునను స్వతంత్ర ప్రతులు కలిసిన పాఠమునకే గదా బలము! ఇంటిపేరొక్కటి కలిసినంతమాత్రమున ఒకరి పితరులను మరియొకరికి అంటగట్టుట, వెదకివచ్చినవారికిని ఇంటివారికిని అన్యాయము. నిశ్చయము లేనిచోట చిత్రము క్రింద ఖాళీ నుంచుటయే ఉత్తమమని మా అభిప్రాయము.