రెండు కర్రల కాపరి

ఇరవై మూడో కీర్తనలో కాపరి చేతిలో రెండు కర్రలుంటాయి. దుడ్డుకర్ర మృగాన్ని తరమడానికి, దండం గొర్రెను దారిలో పెట్టడానికి. మన పల్లెల్లో పాస్టరయ్యగారి అధికారమూ ఈ రెండింటిదే. చిక్కల్లా ఏ కర్ర ఎవరి మీదికి లేస్తుందన్న దగ్గరే. పెద్దవాళ్ల ఎదుట దుడ్డుకర్ర దాచేసి, బీదవాళ్ల మీద ఝళిపించడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ లెక్కను తిరగేసిన కాపరిని చూడాలంటే డోర్నకల్ వెళ్లాలి.

ఆ కాపరి వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన తమిళుడు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో ఒక పాస్టరుగారింట పుట్టారు. 1903లో తోటి తమిళ క్రైస్తవులతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. మనుషులూ డబ్బూ నిర్వహణా అన్నీ మనవే కావాలన్నది దాని నియమం. 1909లో తానే నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చి, పల్లెల్లో పనికి దిగారు.

మరుసటి ఏడు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సభ. ముప్పై అయిదేళ్ల అజరయ్య లేచి, మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, వాళ్లు భారతీయులను ఇంట్లో పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టరని ముఖం మీదే చెప్పారు. మాకు కావలసింది దొరల దయ కాదు, స్నేహం అన్నారు. సభలో కొందరికి ఒళ్లు మండింది. తనను పెంచిన చేతులనే ప్రశ్నించడం అంత తేలిక కాదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. తెల్లవాళ్లు ఒక భారతీయుడి కింద ఎలా పనిచేస్తారన్న గొణుగుడు అప్పటికే ఉంది.

బిషప్పు అయ్యాక ఆయన అధికారం ఎడ్లబండి ఎక్కి తిరిగింది. పల్లెపల్లెకూ వెళ్లి బాప్తిస్మాలూ కన్ఫర్మేషన్లూ ఇచ్చేవారు. తాగుడు, అప్పు, మురికి, రోగం అనే నాలుగు దయ్యాలతో పోరాడమనేవారు. అక్షరం రాని మాల, మాదిగ కుటుంబాలకు పాఠం చెప్పే భారం ఊరి ఉపదేశకుల మీద పెట్టారు. సంఘాలు తమ కాళ్ల మీద నిలబడాలన్నది ఆయన పట్టుదల. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఇల్లాలు దేవుడి పేర తీసిపెట్టే గుప్పెడు బియ్యం ఇక్కడే అక్కరకొచ్చింది. మిషను జీతం తినే పాస్టరు మిషను మనిషి. పల్లె బియ్యం తినే పాస్టరు పల్లె మనిషి. కాకపోతే ఆ బియ్యానికీ ఒక ప్రమాదముంది. పెట్టినవాళ్లను పల్లెత్తు మాట అనలేని మొహమాటం మెల్లగా గొంతులో దిగుతుంది.

ఆ మొహమాటం పోయే చోటు ప్రభు బల్ల. మాలపల్లె, మాదిగపల్లె ఒకదాని నీళ్లు ఒకటి ముట్టని రోజుల్లో, రెండు పల్లెల వాళ్లూ ఒకే గిన్నెలోంచి సంస్కారం తీసుకోవాల్సిందే. అక్కడ కాపరి తన మందకే ఎదురు నిలవాలి. బయటి శత్రువును తిట్టి చప్పట్లు కొట్టించుకోవడం కన్నా ఇది వంద రెట్లు కష్టం.

రాజకీయంలోనూ అదే తీరు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. అవి సంఘాన్ని ఒక కులంలా గిరిగీసి కూర్చోబెడతాయని ఆయన భయం. అదే నోటితో, దళితుల సామూహిక మతమార్పిడులను తప్పుబట్టిన గాంధీజీకీ తలవంచలేదు. ఎవరి మెప్పూ ఆయన లెక్కలో లేదు.

1939లో డోర్నకల్ కతీడ్రల్ ప్రతిష్ఠ అయింది. దాని గుమ్మటాలూ స్తంభాలూ మసీదునూ గుడినీ గుర్తుకు తెస్తాయి. 1945 జనవరి 1న అజరయ్య కన్నుమూశారు. ఆయన ఏళ్ల తరబడి పాటుపడిన సంఘాల ఐక్యత 1947లో దక్షిణ ఇండియా సంఘంగా రూపుకట్టింది. దాన్ని చూడడానికి ఆయన లేరు.

ఇవాళ మన పాస్టర్లకు మైకుంది, ఛానలుంది, స్టేజీ మీద సింహాసనంలాంటి కుర్చీ ఉంది. ఒకే ఊళ్లో మాలల చర్చి ఒకటి, మాదిగల చర్చి ఒకటి ఇంకా ఉన్న చోట్లూ ఉన్నాయి. కాపరి చేతి కర్ర ఎంత గట్టిదో ఆ కుర్చీ దగ్గర తెలియదు. ఆ రెండు చర్చీల మధ్య వీధిలో, గిన్నె పట్టుకుని నడిచిన రోజున తెలుస్తుంది.