పేరు పిలిస్తే పలికే లెక్క

‘ఈ పేరు నీదేనా అమ్మా? చెరువు పూడికతీత పనికి ఆరు రోజులు వెళ్లినట్టు ఇందులో రాసుంది. డబ్బులు ఎంత ముట్టాయి?’

ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ ఈ మూడు ముక్కల మీదే నిలబడింది. అడుగుతున్నది ఆఫీసరు కాదు, కూలి ఇంటి పిల్ల. శిక్షణ తీసుకుని, పక్క ఊరి నుంచి వచ్చింది. సొంత ఊరిని తనిఖీ చేయకూడదన్నది అక్కడి కట్టుబాటు. చుట్టరికం, మొహమాటం లెక్కకు అడ్డం రాకుండా ముందే వేసిన కట్ట అది.

లెక్క చూసే హక్కును 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లోనే రాసిపెట్టారు. పద్ధతికి ప్రాణం పోసింది మాత్రం రాజస్థాన్ కూలీల సంఘం మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్. కూలీల పేర్లను ఊరి మధ్య చదివి వినిపించే జన్ సున్‌వాయిలను 1994లోనే మొదలుపెట్టింది. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని మండల మండలానికీ తీసుకెళ్లింది, 2009లో అందుకోసం ప్రత్యేక సొసైటీనే పెట్టింది.

పనితనమంతా వరుసలో ఉంది. ముందు మస్టర్లనే హాజరు పట్టీలు, ఎం బుక్కులనే కొలతల పుస్తకాలు చేతికి రావాలి. తర్వాత ఇల్లిల్లూ తిరగాలి. పొద్దున్నే కూలికి పోయే ఇల్లు కాబట్టి చీకటి పడ్డాకైనా వెళ్లాలి. జాబ్ కార్డు, పాసుపుస్తకం, మస్టరు మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. కూలి మనిషి చెప్పింది రాసి, రాసింది ఆ మనిషికే చదివి వినిపించి, ఆ తర్వాతే వేలిముద్ర తీసుకోవాలి. చదువు రాని మనిషి మాట చదువుకున్నవాడి కలం కింద వంకర పోకుండా కాపాడేది ఆ చదివి వినిపించడమే.

పని జరిగిన చోట టేపు పట్టి పొడవు, వెడల్పు, లోతు కొలుస్తారు. తవ్విన గుంత మధ్యలో లోతు తెలిసేలా వదిలిన మట్టి దిమ్మె సాక్ష్యం చెబుతుంది. వానలకు దిమ్మె కరిగిపోతే తవ్విన చేతులే సాక్ష్యం. ఎక్కడ మొదలుపెట్టారో, ఏ గట్టు దాకా వెళ్లారో కూలీల జట్టు పెద్ద అయిన మేటు, కూలీలు నడిచి చూపిస్తారు. టేపుకి ఒక కొన వాళ్లే పడతారు.

ఊళ్లో గ్రామసభ అయ్యాక చివరి మెట్టు మండల కేంద్రంలో ప్రజావేదిక. గంపలగూడెం లాంటి చోట ఆ రోజు అధికారి, ఫీల్డ్ అసిస్టెంటు, కూలి మనిషి ఒకే షామియానా కింద కూర్చుంటారు. మైకులో పేరు చదువుతారు. పేరుగల మనిషి లేచి నిలబడుతుంది. ‘నేను ఆ పనికి పోలేదయ్యా’ అనే ఒక్క మాట ముందు ఎన్ని సంతకాలున్న కాగితమైనా తలొంచాల్సిందే. పక్కదారి పట్టినట్టు తేలిన సొమ్ములో తిరిగి వచ్చింది కొంతేనన్నది నిజం. అయినా లెక్క అడగడం తప్పు కాదని ఊరికి తెలిసిరావడం చిన్న రాబడి కాదు.

ఈ పనితనం మన ఊళ్లకే పరిమితం కానక్కర్లేదు. 2017లో మయన్మార్ నుంచి లక్షల మంది రోహింగ్యా శరణార్థులు చేరిన బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లో మొదట పెత్తనం మాఝీలనే శిబిర పెద్దలది. వాళ్లను నియమించింది బంగ్లాదేశ్ సైన్యం, శరణార్థులు ఎన్నుకోలేదు. తమ ప్రతినిధులను తామే ఎన్నుకునే ప్రయత్నాలు కొన్ని శిబిరాల్లో తర్వాత మొదలయ్యాయి. ఓటు మొదటి మెట్టే. ఎన్నికైనవాడు పంచిన బియ్యం లెక్కను, తిన్నవాళ్ల ఎదుట చదివి వినిపించడం రెండో మెట్టు. సొంత ఊరు, పౌరసత్వం, పట్టా ఏదీ లేని మనిషికి కూడా ఆ జాబితాలో ఒక పేరుంటుంది. పేరుంటే పిలవచ్చు, పిలిస్తే పలకచ్చు.

మన తనిఖీల రిజిస్టర్లన్నిటిలో నేను ఎక్కువసేపు చూసేది వేలిముద్రల వరుసనే. నీలిసిరాతో ఒకదాని కింద ఒకటి పడిన ఆ ముద్రలు వినకుండా వేసినవి కావు. విని, ఒప్పుకుని వేసినవి.