మామిడితోట కూలియు, వేతన స్మృతియు

గ్రంథ విమర్శకు ప్రత్యేకించిన పుటలలో ఈ మాసమున మేమొక శాసనమును విమర్శింపబూనితిమి. చదువరులు వింతగా భావింపకుందురు గాక. కావ్యమును విమర్శించువాడు మాటల పొందికయు, చెప్పదలచిన యర్థము చదువరికి చేరిన విధమును పరీక్షించును. శాసనమునకును ఈ పరీక్ష తగినదే. వేతన శాసనము చేరవలసిన చదువరి చిక్కముగడ భుజముపై వైచికొని తోటలో నిలిచిన కూలివాడు. 2019లో పార్లమెంటు ఆమోదింపగా 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చిన వేతన స్మృతిని నూజివీటి మామిడితోటలలో నిలిచి చదివినచో ఏమి కానవచ్చునో చెప్పుట మా యుద్దేశము.

మొదట తోటను గూర్చి రెండు మాటలు. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి యనగానే మన యిండ్లలో పిల్లలకు సహితము నూజివీడు జ్ఞప్తికి వచ్చును. ఆ తోటల యజమానులలో పలువురు తామై కాయ కోయించి అమ్ముకొనరు. పూత దశలోనో పిందె దశలోనో కాపును గుత్తకిచ్చి సొమ్ము పుచ్చుకొందురు. అది మొదలు కాపు ముగియువరకు గుత్తదారే తోటకు ప్రభువు. అతడు కూలివారిని స్వయముగా వెదకికొనడు. మేస్త్రీని పిలిచి ఇంతమంది కావలెనని చెప్పును. కోతవారు చెట్టెక్కియు, గడచిక్కముతోను, కాయను తొడిమతో దింపవలెను. సొన కారి తొక్కపై బడినచో మచ్చ తేలి ధర తగ్గును. స్త్రీలు చెట్టు నీడను గూర్చుండి కాయ నేరి వేఱుచేయుదురు. ముఠావారు పెట్టెలను లారీ కెత్తుదురు. లారీ నున్న మార్కెట్టునకో, అంతకు దూరమునకో పోవును. కాపలా కుటుంబ మొకటి తోటలోనే పాక వేసికొని రేయింబవళ్లు కాయను కాచును. ఆ కుటుంబమునకు కూలి తరచు కాపు చివరనే.

ఒకానొక కాపులో మేము చూచినది చెప్పెదము. ఆగిరిపల్లి దారిలో ఒక తోట. వైశాఖమున ఒక రాత్రి ఈదురుగాలి వీచి కాయ సగము నేలరాలినది. గుత్తదారు రాలినదానిని వచ్చిన ధరకు తెగనమ్మి, చెట్టున మిగిలినది కోయించుకొని, మఱి తోటవైపు రాలేదు. కాపలా కుటుంబపు ఇల్లాలు ఒక క్యాలెండరును మా చేతికిచ్చెను. పని చేసిన ప్రతిదినమునకును ఆమె దానిపై సున్న చుట్టియుండెను. మేము లెక్కింపగా 41 తేలినవి. "అయ్యా, తోటగలాయన్ని అడిగితే గుత్తకిచ్చేశానన్నారు. గుత్తదారుగారు ఫోనులో మేస్త్రీకిచ్చానన్నారు. మేస్త్రీ నాకే రాలేదంటున్నాడు" అని ఆమె చెప్పెను. ఆ ముగ్గురిలో నెవ్వరును ఋణము లేదనలేదు. తమది కాదని మాత్రమే యనిరి.

ఈ చిక్కు క్రొత్తది గాదు. విట్లీ అధ్యక్షతను ఏర్పడిన రాయల్ కమిషను 1931లో నివేదిక యొసగిన పిమ్మట, 1936లో వేతనముల చెల్లింపు చట్టము వచ్చినది. జీతపు కాలము నెలకు మించరాదనియు, వేయిమందికి తక్కువగా పనిచేయుచోట ఆ కాలము ముగిసిన తరువాత 7వ దినము గడువకమునుపే కూలి చెల్లవలెననియు అది శాసించెను. కాని అది ఫ్యాక్టరీల కొఱకును రైల్వేల కొఱకును పుట్టినది; మామిడితోట దాని కంటబడలేదు. వ్యవసాయకూలి తగవును ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లోనే తమ మాలపల్లి నవల కెక్కించిరి. శాసనకర్తలు ఆ కూలిని కనీస వేతనముల పట్టికలో చేర్చుటకు మఱి 26 ఏండ్లు, అనగా 1948 వరకు, పట్టినది. ఆ చట్టము క్రింద దావాకు సామాన్యమైన గడువు 6 నెలలు. వైశాఖపు కూలిని దసరాకు, దీపావళికి, సంక్రాంతికి అని త్రిప్పుటలో మనవారికి గల నేర్పు ఎఱిగినవారికి ఆ గడువు ఎట్లు కరగునో చెప్పనక్కరలేదు.

మేస్త్రీ చేతిలో కూలి తఱుగుటను గూర్చి 1982లో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పినది. ఢిల్లీలో ఆసియా క్రీడలకై కట్టడములు లేచుచుండగా, కూలి యొకనికి దినమునకు రావలసిన 9 రూపాయల 25 పైసలలో జమాదారు రూపాయి పట్టుకొనుచుండెను. కనీస వేతనమునకు తక్కువకు పని చేయించుట రాజ్యాంగపు 23వ అధికరణము నిషేధించిన వెట్టియే యని న్యాయస్థానము తేల్చినది. రూపాయియే గదా యని మనము పోనిచ్చెడు చోట న్యాయమూర్తులు వెట్టిని చూచిరి.

ఇక క్రొత్త స్మృతి. దీనిలో మెచ్చవలసినది చాల గలదు. దినకూలి ఆనాటి పని ముగియగానే చెల్లవలెను. నెలజీతము మఱునెల 7వ తేదీ దాటరాదు. జీతపు కాలము నెలకు మించరాదు గనుక "కాపు చివర" అను మాటకు దీనిలో తావు లేదు. దావాకు 3 సంవత్సరముల గడువు. దావాను విచారించు అధికారి, రావలసినదానికి 10 రెట్ల వరకు పరిహారము విధింపవచ్చును. కూలి యిచ్చితిమని నిరూపించు భారము 59వ విభాగము పని యిచ్చినవానిపై నుంచినది. పని యిచ్చినవాడు చెల్లింపనిచో ఆ సంస్థకు స్వామి యైనవాడే చెల్లింపవలెనని 43వ విభాగము చెప్పుచున్నది. ఈ వాక్యమును మేము గ్రంథమునకెల్ల ఉత్తమ వాక్యముగా నెన్నుదుము. అయినను ఇది వ్రాసినవారి మనస్సున ఫ్యాక్టరీ యున్నదే గాని తోట లేదు. గుత్తకిచ్చిన కాపునకు స్వామి యెవరు? నేల గలవాడా, కాయ కొన్నవాడా? ఈ ప్రశ్న స్మృతికి తోచినట్లు లేదు. ఆ ఇల్లాలికి తోచినది.

మా ముఖ్యమైన ఆక్షేపణ 50వ విభాగము మీద. కూలివారి పట్టిక యుంచవలెను, కూలిరేటును గోడపై ప్రకటింపవలెను, చెల్లించినప్పుడు చీటీ యియ్యవలెను అని మొదట విధించి, వెంటనే వ్యవసాయమునకు గాని గృహకృత్యములకు గాని ఐదుగురికి మించకుండ పెట్టుకొన్నవారికి ఆ మూడును అక్కరలేదని విడిచినది. అడిగినప్పుడు తగిన సాక్ష్యము చూపిన చాలునట! ఇచ్చితినని చూపవలసినవాడు యజమానియే, నిజమే. కాని పనిచేసితినని ముందుగా చూపవలసినవారెవరు? పట్టికయు చీటీయు లేని చోట ఆ భారము క్యాలెండరు మీది సున్నల పైననే పడును. తోట కాపలాకు ఐదుగురెందుకు, ఒక్క కుటుంబము చాలును. స్మృతి యనగా జ్ఞాపకమని మన భాషలో నర్థము. ఇచ్చట కూలి లెక్క నిజముగా జ్ఞాపకమునకే వదలబడినది.

ఈ సడలింపులో మన యిల్లు కూడ నున్నదని చదువరులు గమనించియే యుందురు. మన వంటయింట అంట్లు తోము స్త్రీ నాగా పెట్టిన దినములను మనము మఱువము. పండుగనాడు అదనముగా చేసిన పని యెచ్చట వ్రాసియుంచితిమి?

తోటలవారి మాట యొకటి వినవలసియున్నది. మామిడి జూదము వంటిది. గాలివాన వచ్చినను, ధర పడినను నష్టపోవుదుము, కూలి మాత్రము నిలిచి యుండవలెనా యని వారందురు. నష్టము నిజము, దానిని మేము తేలికగా చూడము. అయితే యజమానికి గుత్తసొమ్ములో కొంతయైన పూతనాడే ముట్టుచున్నది. గుత్తదారు ధర పెరిగిననాడు లాభమును కూలితో పంచుకొనుట మేమెఱుగము. లాభమున భాగములేనివాడు నష్టమునకు భాగస్వామి యెట్లగును?

శాసనము సవరింపబడువరకు ఆగనక్కరలేని పని యొకటి కలదు. గుత్తపత్రములో ఒక్క వాక్యము చేర్చవచ్చును: కోతవారికిని కాపలావారికిని కూలి ముట్టినట్లు సంతకములు చూపువరకు గుత్తసొమ్ములో కొంత భాగము యజమాని యొద్ద ధరావతుగా నిలిచియుండునని, గుత్తదారు తప్పినచో దానినుండియే కూలి చెల్లునని. మా చదువరులలో తోటలు గలవారు కొందఱు గలరు. పత్రములు వ్రాసికొను కాలము పూతకాలమే.