సైటేషన్ల పటం: దాచుకున్న వ్యాసాల మధ్య సంబంధాలు

పరిశోధన వ్యాసం చివర ఉండే రిఫరెన్సుల జాబితా ఆ వ్యాసం ఎవరి పని మీద ఆధారపడిందో చెబుతుంది. ఒక వ్యాసం మరొక వ్యాసాన్ని ఇలా పేర్కొనడమే సైటేషన్. ఒక విషయం మీద పోగుచేసుకున్న వంద, రెండు వందల వ్యాసాల్లో ఏది దేన్ని పేర్కొన్నదో గీసి చూపితే అది సైటేషన్ల పటం అవుతుంది. అందులో ప్రతి వ్యాసం ఒక చుక్క. పేర్కొన్న వ్యాసం నుంచి దానికి ఆధారమైన పాత వ్యాసానికి ఒక బాణం వెళుతుంది. ఒకప్పుడు ఖరీదైన చందాలు కట్టగల సంస్థలకే సాధ్యమైన ఈ పని ఇప్పుడు ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మామూలు లాప్‌టాప్ మీద ఒక పూటలో అయిపోతుంది.

ఈ పద్ధతికి మూలం న్యాయవాదుల దగ్గర ఉంది. ఒక తీర్పును తర్వాతి తీర్పులు ఎక్కడెక్కడ ప్రస్తావించాయో చూపే సూచికను అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ 1873లో మొదలుపెట్టాడు. పాత తీర్పు ఇంకా చెల్లుతుందా, దాన్ని ఎవరైనా కొట్టేశారా అన్నది వకీళ్లకు అందులో తెలిసేది. అలాంటి సూచిక విజ్ఞానశాస్త్రానికీ కావాలని యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో ప్రతిపాదించాడు. ఫిలడెల్ఫియాలోని ఆయన సంస్థ 1960లలో ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ను అచ్చులోకి తెచ్చింది. 1964లో ఆయన, సహచరులతో కలిసి డీఎన్ఏ పరిశోధన చరిత్రను రెండు విధాలుగా గీసి పోల్చాడు. ఒకటి ఐజాక్ అసిమోవ్ పుస్తకం చెప్పిన చరిత్ర ప్రకారం, రెండోది సైటేషన్ల ప్రకారం. రెండూ చాలా మేరకు కలిశాయి. అసిమోవ్ కథనంలో కనిపించని కొన్ని సంబంధాలు మాత్రం సైటేషన్ల వల్లే బయటపడ్డాయి. మరుసటి ఏడాది డెరెక్ డి సోలా ప్రైస్, వ్యాసాలన్నిటినీ ఒకే అల్లికగా చూడవచ్చని అదే ‘సైన్స్’ పత్రికలో వివరించాడు. చాలా వ్యాసాలను ఎవరూ పెద్దగా పేర్కొనరనీ, కొద్దిపాటి వాటినే అందరూ మళ్లీ మళ్లీ పేర్కొంటారనీ ఆ అల్లికలో స్పష్టంగా కనిపించింది.

వ్యాసాల మధ్య సంబంధాన్ని మూడు రకాలుగా లెక్కగడతారు. మొదటిది నేరు సైటేషన్, అంటే ఒక వ్యాసం ఇంకొక దాన్ని పేర్కొనడం. వ్యాసం తనకంటే ముందు వచ్చిన వాటినే పేర్కొంటుంది కాబట్టి ఈ బాణాలన్నీ దాదాపు ఎప్పుడూ గతం వైపే పోతాయి. అందుకే ఈ పటాన్ని సంవత్సరాల వారీగా పరిస్తే ఒక ఆలోచన ఎక్కడ పుట్టిందో, ఎప్పుడు పాయలుగా చీలిందో కనిపిస్తుంది. రెండో రకాన్ని 1963లో ఎం.ఎం. కెస్లర్ ప్రతిపాదించాడు. రెండు వ్యాసాలు ఒకదాన్నొకటి పేర్కొనకపోయినా, రెండింటి రిఫరెన్సుల్లో ఉమ్మడి పేర్లు ఎన్ని ఎక్కువ ఉంటే అవి అంత దగ్గరివి. మూడోది హెన్రీ స్మాల్ 1973లో చెప్పినది. రెండు పాత వ్యాసాలను తర్వాతివాళ్లు ఎంత తరచుగా కలిపి పేర్కొంటారన్నది దీని కొలత. ఇక్కడొక తేడా బాగా గుర్తుంచుకోవాలి. కెస్లర్ కొలత వ్యాసం అచ్చయిన రోజునే స్థిరపడిపోతుంది, స్మాల్ కొలత మాత్రం ఏటేటా మారుతుంది. నిన్న మొన్న వచ్చిన వ్యాసాలను గుంపులుగా విడదీయడానికి కెస్లర్ పద్ధతి పనికొస్తుంది. వాటిని ఇంకా ఎవరూ పేర్కొని ఉండరు కనుక స్మాల్ పద్ధతికి అవి అందవు.

సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరికినంత మాత్రాన పటం తయారుకాదు, సైటేషన్ల సమాచారం కూడా చేతికి రావాలి. అసలు అడ్డంకి చాలాకాలం అక్కడే ఉండేది. ప్రచురణకర్తలు ప్రతి వ్యాసానికీ డీఓఐ అనే శాశ్వత సంఖ్య ఇచ్చి, రిఫరెన్సులతో సహా వివరాలను క్రాస్‌రెఫ్ సంస్థ దగ్గర నమోదు చేస్తారు. ఆ రిఫరెన్సుల్లో బహిరంగంగా దొరికేవి మొదట్లో నూటికి ఒక వంతు మాత్రమే. వాటిని తెరవాలని 2017లో ఒక ఉమ్మడి ప్రయత్నం మొదలైంది. పెద్ద ప్రచురణ సంస్థలు ఒక్కొక్కటే ఒప్పుకున్నాయి. 2022 నాటికి క్రాస్‌రెఫ్‌లో నమోదైన రిఫరెన్సులన్నీ అందరికీ అందుబాటులోకి వచ్చాయి. అదే ఏడాది జనవరిలో, మైక్రోసాఫ్ట్ తన అకడమిక్ గ్రాఫ్‌ను మూసేసిన వెంటనే, ఓపెన్‌అలెక్స్ అనే ఉచిత భాండారం ఆ లోటు తీర్చింది. చిన్న ఊరి కాలేజీలో పనిచేసే అధ్యాపకురాలికి కూడా ఇవాళ సైటేషన్ పటం అందుతున్నదంటే, ప్రోగ్రాములు రాసినవారితో సమానంగా ఈ తలుపులు తెరిపించినవారికీ రుణపడి ఉండాలి.

పని మొదలయ్యేది జొటెరో దగ్గర. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఈ ఓపెన్‌సోర్స్ ప్రోగ్రాము, బ్రౌజర్‌లో ఒక్క నొక్కుతో వ్యాసం పేరు, రచయితలు, సంవత్సరం, డీఓఐ అన్నీ భద్రం చేస్తుంది. ఏ వ్యాసం దేన్ని పేర్కొన్నదో మాత్రం అది సొంతంగా దాచుకోదు. ఆ పనికి సీటా అనే ప్లగిన్ ఉంది. ప్లగిన్ జోలికి పోకుండా, కావలసిన వ్యాసాల ఫోల్డరును ఫైలుగా ఎగుమతి చేసి, బ్రౌజర్‌లోనే నడిచే లోకల్ సైటేషన్ నెట్‌వర్క్‌కు ఇచ్చినా చాలు. అది డీఓఐల ఆధారంగా రిఫరెన్సులు తెచ్చుకుని పటం గీస్తుంది. పటంతో పాటు రెండు జాబితాలు కూడా ఇస్తుంది. దాచుకున్న వ్యాసాల్లో ఎక్కువ భాగం పేర్కొన్నా, దాచుకున్నవాటిలో లేని పాత వ్యాసాలు ఒక జాబితాలో ఉంటాయి. దాచుకున్నవాటిలో చాలావాటిని పేర్కొన్న కొత్త వ్యాసాలు రెండో దానిలో ఉంటాయి. మొత్తం శ్రమలో అత్యంత విలువైనవి ఈ రెండు జాబితాలే. పటం చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా, అందరూ చదివి తాను మాత్రం చదవని వ్యాసం ఏదో పరిశోధకుడికి తెలిసేది ఇక్కడే.

వ్యాసాలు వందలు దాటితే ఇంకా బలమైన సాధనాలు కావాలి. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో తయారైన వోస్‌వ్యూయర్ పైన చెప్పిన మూడు కొలతలనూ లెక్కించి, దగ్గరి వ్యాసాలను ఒకే రంగు గుంపులుగా చూపిస్తుంది. దానికి డబ్బు కట్టనక్కర్లేదు, సోర్సు కోడ్ మాత్రం బయటికి ఇవ్వరు. గెఫీ పూర్తిగా ఓపెన్‌సోర్స్. దానికి రెండు నిలువు వరుసల పట్టిక చాలు. పేర్కొన్న వ్యాసం సోర్స్ వరుసలోకి, పేర్కొనబడినది టార్గెట్ వరుసలోకి వెళతాయి. మొదట చుక్కలన్నీ చిందరవందరగా పడి ఉంటాయి. ఫోర్స్ అట్లాస్ 2 అనే అమరిక నడిపిస్తే సంబంధం ఉన్నవి దగ్గరికి వస్తాయి, లేనివి దూరంగా జరుగుతాయి. వచ్చే బాణాల సంఖ్యను బట్టి చుక్క పరిమాణం పెరిగేలా పెడితే ముఖ్యమైన వ్యాసాలు పైకి తేలతాయి.

అయితే పెద్ద చుక్క ప్రతిసారీ పెద్ద ఆలోచనకు గుర్తు కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతి ప్రచురించాడు. జీవరసాయన ప్రయోగశాలల్లో దశాబ్దాల పాటు అది వాడుకలో ఉంది, వేల వ్యాసాలు దాన్ని పేర్కొన్నాయి. ఎముకల మీద రాసిన వ్యాసమూ, నేల సారం మీద రాసిన వ్యాసమూ రెండూ దాన్ని పేర్కొంటే పటంలో ఆ రెండూ చుట్టాల్లా కనిపిస్తాయి. నిజానికి వాటిని కలిపింది కొలిచే పద్ధతి ఒక్కటే. ఇలాంటి పద్ధతుల వ్యాసాలను పక్కకు తీసి పటాన్ని మరోసారి గీయడం మంచిది.

దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో రాసిన ఒక్క వ్యాసంలోనే క్రేమర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండింటికీ మూలాలున్నాయి. ఆ పేర్లు పాఠ్యపుస్తకాల్లో స్థిరపడ్డాక అసలు వ్యాసాన్ని రిఫరెన్సుల్లో ఇవ్వడం చాలామంది మానేశారు. ఇచ్చినవారిలోనూ కొందరు 1945 నాటి బులెటిన్‌ను చూపితే, కొందరు తర్వాతి సంకలనంలోని పునర్ముద్రణను చూపుతారు. ఒకే వ్యాసం రెండు చుక్కలుగా చీలి, రెండూ ఉండవలసిన దానికంటే చిన్నవిగా కనిపిస్తాయి. ప్రీప్రింట్, అచ్చు ప్రతి వేరువేరుగా నమోదైనప్పుడు కూడా ఇదే జరుగుతుంది. జొటెరోలో నకళ్లను కలిపే వెసులుబాటు ఉంది. పటం గీయడానికి ముందే దాన్ని ఉపయోగించుకుంటే కొన్ని తప్పులు పోతాయి.

బాణం ఉన్నదంటే ఒప్పుకోలు ఉన్నట్టు కాదన్నదీ మరవకూడదు. టీకాలకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చన్న 1998 నాటి వ్యాసాన్ని ‘లాన్సెట్’ పత్రిక 2010లో ఉపసంహరించింది. ఖండించడానికే దాన్ని పేర్కొన్నవారు ఎందరో. పటంలో ఖండన బాణమూ ఒకటే, ప్రశంస బాణమూ ఒకటే. అందుకే పెద్ద చుక్కను తెరిచి చదవడం తప్పనిసరి. ఉపసంహరించిన వ్యాసాలకు జొటెరో ఎర్రటి హెచ్చరిక పెడుతుంది, అది చాలా సాయం.

తెలుగు సాహిత్య పరిశోధనకు ఈ పద్ధతి ఇంకా సరిగా చేరలేదు. ‘భారతి’ మాసపత్రికలో వచ్చిన పరిశోధన వ్యాసాలకు డీఓఐలు లేవు, పాత సిద్ధాంత గ్రంథాలదీ అదే పరిస్థితి. ఏ భాండారమూ వాటి రిఫరెన్సులను తెచ్చి ఇవ్వదు. కాని గెఫీకి డీఓఐ అవసరం లేదు, రెండు వరుసల పట్టిక ఉంటే చాలు. నన్నయ భాష మీద గాని, శాసనాల మీద గాని వచ్చిన యాభై వ్యాసాల అధోజ్ఞాపికలను చూస్తూ స్ప్రెడ్‌షీటులో చేత్తో ఎక్కించుకోవచ్చు. రచయిత ఇంటిపేరు, సంవత్సరం కలిపి ప్రతి వ్యాసానికీ ఒకే గుర్తు పెట్టుకోవాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక రాస్తే ఒక్క రచయిత ఇద్దరైపోతారు. తెలుగులో పాత పుస్తకాల్లో ముద్రణ సంవత్సరం లేకపోవడం మామూలే. అలాంటప్పుడు పీఠిక కింద వేసిన తేదీని తీసుకుని, అలా తీసుకున్నట్టు పక్క గడిలో రాసి ఉంచాలి. ఆ పట్టికను ఆఖరున సీఎస్‌వీ ఫైలుగా, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో భద్రపరిస్తే తెలుగు అక్షరాలు చెదరకుండా గెఫీలోకి వస్తాయి.