మాంచెస్టరు మిల్లుపేటల పాట : ‘ది స్మిత్స్’ బృందముపై ఒక పరిశీలన

సోలాపురమున అశోక్ చౌక్ పరిసరములందు నివసించు నేత కుటుంబములకు మాంచెస్టరు పేరు క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు మిల్లుబట్ట ఈ దేశమున దిగి చేనేతను దెబ్బతీసిన వృత్తాంతము తాతల నాటినుండి వినుచున్నదే. 1877లో మొదటి బట్టలమిల్లు వెలసిన సోలాపురమునకు తెలంగాణ పల్లెలనుండి పద్మశాలీలు తరలివచ్చి స్థిరపడిన కథయు ఆ కాలపు మార్పులతో ముడిపడినదే. అట్టి మాంచెస్టరు తన మిల్లులు మూతపడిన పిమ్మట ప్రపంచమునకు మరియొక సరకును పంపినది. అది పాట. 1982లో అచట పుట్టి, 1987లో విడిపోయిన ‘ది స్మిత్స్’ అను వాద్యబృందము ఎట్లు పైకి వచ్చినది, ఏమి మిగిల్చినది, వలసవచ్చిన నేతవారి సంతతి దానినుండి గ్రహింపదగినదేమి అను విషయము లిచట విచారింపబడుచున్నవి.

బృందమున నలుగురు కలరు. పాటలు వ్రాసి పాడినవాడు మోరిసీ. బాణీలు కట్టి గిటారు వాయించినవాడు జానీ మార్. ఆండీ రూర్క్ బేసు గిటారును, మైక్ జాయిస్ డ్రమ్ములను వాయించిరి. నలుగురును ఐర్లండునుండి బ్రతుకుతెరువునకై వచ్చిన వలస కుటుంబముల సంతతివారే. 1982లో పదునెనిమిదేండ్ల మార్, తనకంటె నాలుగేండ్లు పెద్దవాడును, ఉద్యోగము లేక పుస్తకములతో కాలము గడుపుచుండినవాడును అగు మోరిసీ యింటి తలుపు తట్టెను. ఒకనియొద్ద మాట యున్నది, మరియొకనియొద్ద స్వరమున్నది. పడుగును పేకయు కలిసినట్లయ్యెను. ఆ యేడు అక్టోబరు 4వ తేదీన రిట్జ్ అను నాట్యశాలలో వారి మొదటి కచేరి జరిగెను.

బృందమునకు పెట్టుకొన్న పేరే వారి దృష్టిని తెలుపుచున్నది. ఆడంబరమైన పేళ్లు వాడుకలో నున్న ఆ దినములలో వారు ఇంగ్లండున ఇంటింట వినవచ్చు సామాన్యమైన ఇంటిపేరును ఎన్నుకొనిరి. స్మిత్ అనగా లోహపు పనివాడు. వృత్తినిబట్టి వచ్చిన పేరది. చేతిపని పేరునే కులనామముగా ధరించిన పద్మశాలీలకు ఈ ఎన్నికలోని ఔచిత్యము వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ కాలమున ఇంగ్లండు సంగీత వ్యాపారము చాలవరకు కొన్ని పెద్ద కంపెనీల చేతులలో నుండెను. స్మిత్స్ రికార్డులను వెలువరించినది రఫ్ ట్రేడ్ అను చిన్న సంస్థ. 1976లో లండనులో రికార్డుల దుకాణముగా ప్రారంభమైన సంస్థ యిది. 1983 మే మాసమున వారి మొదటి రికార్డు వెలువడెను. ఆ మాసముననే బి.బి.సి. రేడియోలో జాన్ పీల్ తన కార్యక్రమమునందు వారి పాటలను వినిపించెను. పెద్ద షావుకారు గడప తొక్కక, చిన్న దుకాణమును నమ్ముకొని సరకును జనులకు చేర్చు మార్గమిది. ఈ మార్గమున వచ్చిన సంగీతమునకే తరువాత ఆల్టర్నేటివ్ రాక్ అను పేరు స్థిరపడినది. ప్రత్యామ్నాయ మనునది మొదట బాణీకి కాదు, అంగడికి సంబంధించిన మాట.

1984నుండి 1987వరకు ఏటికొకటి చొప్పున నాలుగు ఆల్బములు వెలువడెను. 1985 నాటిది బ్రిటిషు విక్రయ పట్టికలో ప్రథమ స్థానమును, తక్కిన మూడును ద్వితీయ స్థానమును పొందెను. విడివిడిగా వెలువడిన పాటలలో ఒక్కటియు, బృందము కలిసియున్న కాలమున, పదవ స్థానమును దాటి పైకి పోలేదు. ఈ సంఖ్యలు ఒక సంగతిని సూచించుచున్నవి. దారిన పోవువాడు విని మరచు పాటలు కావవి. కొనినవాడు ఇంటికి తీసికొనిపోయి మొదటినుండి తుదివరకు వినదలచిన పాటలు.

వాటి ప్రత్యేకత వస్తువునందు కలదు. లండను వైభవమును గాని, అమెరికా రహదారులను గాని మోరిసీ పాడలేదు. తన పేటల పేళ్లను, సంతలను, పాఠశాలలను పాడెను. 1985 ఆల్బములోని మొదటి పాట మాంచెస్టరు పాఠశాలలలో పిల్లలు తిన్న దెబ్బలనుగూర్చినది. బ్రిటనులోని ప్రభుత్వ పాఠశాలలలో ఉపాధ్యాయుని బెత్తమును నిషేధించు చట్టము 1986లో వచ్చి, 1987లో అమలైనది. పాట వలననే చట్టము వచ్చినదనుట అతిశయోక్తి యగును. అయినను పెద్దలు ఆలోచించుచుండగా పిల్లవాని పక్షమున పాట ముందుగ నిలిచినదనుట సత్యము. చివరి ఆల్బము పేరున ఆ నగరపు చెరసాల పేరు చేరియున్నది. తన పేటను పాడుటకు మోరిసీకి దారి చూపినది పూర్వపు సాహిత్యమే. సాల్ఫర్డు వాసిని షీలా డిలేనీ పందొమ్మిదేండ్ల ప్రాయమున వ్రాయగా 1958లో ప్రదర్శితమైన నాటకమునుండి అతడు ధారాళముగ గ్రహించెను. ప్రక్క వీథి రచయిత్రిని చదివినవాడే తన వీథిని పాడగలిగెను.

మార్ గిటారు ఆ మాటలకు తగిన జోడు. రాక్ సంగీతమున గిటారు వాద్యకారుడు పాటను నిలిపి తన ప్రతాపమును చూపుట అలవాటు. మార్ ఆ పని చేయలేదు. సన్నని స్వరపు పోగులను ఒకదానిపై నొకటి పరచి, గాయకుని కంఠమునకు నేలవలె అమర్చెను. మాట విషాదము, బాణీ ఉల్లాసము. ఈ వైరుధ్యమే వారి పాటకు ప్రాణము. వారిది ఏడుపుపాట యను ఆక్షేపణ మొదటినుండియు కలదు. దుఃఖమును చెప్పుచునే దానిని చూచి నవ్వుకొను చమత్కారమును గమనింపనివారు ఆ మాట యందురు. అట్లని దోషములు లేకపోలేదు. మొదటి ఆల్బము ముద్రణమున జీవము కొరవడినది. అవే పాటలలో కొన్ని బి.బి.సి. కొరకు పాడినపుడు ఎక్కువ తేజస్సుతో నున్నవి. కొన్నిచోట్ల ఆత్మజాలి మితిమీరి, చమత్కారము సన్నగిలినది.

1987లో మార్ వైదొలగుటతో బృందము ముగిసినది. పిమ్మటి కథ పాటది కాదు, పంపకములది. పాటల రచనకు రావలసిన ప్రతిఫలము మోరిసీ, మార్‌లదే యనుటలో వివాదము లేదు. కాని రికార్డులవలన, కచేరీలవలన వచ్చిన ఆదాయమున వారిద్దరును నూటికి నలుబది చొప్పునను, తక్కిన యిద్దరును నూటికి పది చొప్పునను పొందుచుండిరి. రూర్క్ 1989లో రాజీపడెను. జాయిస్ న్యాయస్థానమున కెక్కి, తనది నాలుగవ వంతని 1996లో గెలిచెను. 1998లో అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పునే స్థిరపరచెను. రంగును నమూనాను నిర్ణయించువాడొకడు, మగ్గముకడ నిలుచువాడొకడు. బట్ట యెవరిది అను ప్రశ్న కార్ఖానాలలో ఎంత పాతదో అందరును ఎరుగుదురు. శ్రామికుల పేటను పాడిన బృందమే శ్రమకు తగిన వాటా నిచ్చుటలో తడబడినదనుట విచారకరము.

అంతకంటెను విచారకరమైనది మరియొకటి. వలసవచ్చిన తల్లిదండ్రుల బిడ్డయగు మోరిసీ 2018లో వలసల రాకను వ్యతిరేకించు ఫర్ బ్రిటన్ పక్షమునకు బాహాటముగ మద్దతు తెలిపెను. అతని పాటలలో తమ ఒంటరితనమునకు చోటు దొరికినదని సంతోషించిన అభిమానులు పలువురు నొచ్చుకొనిరి. కవి తప్పినచో కవిత్వము తప్పునా? పాట నలుగురిది, తప్పిన మాట ఒకనిది. పాటను ఆ నలుగురి పనిగా చూచుటయే న్యాయము.

ఆ పని నిలిచియే యున్నది. తరువాతి తరమున మాంచెస్టరులోని మరియొక ఐరిష్ కుటుంబపు బిడ్డ, ఒయాసిస్ బృందపు నోయల్ గాలగర్, మార్‌ను తన మార్గదర్శకులలో నొకనిగా చెప్పుకొనెను. 2013లో న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ పత్రిక ఎన్నిన అయిదు వందల ఆల్బములలో స్మిత్స్ వారి 1986 నాటి ఆల్బము మొదట నిలిచెను. వారు ఫొటో తీయించుకొన్న సాల్ఫర్డు బాలుర క్లబ్బును చూచుటకు దూరదేశములనుండి అభిమానులు వచ్చుచుందురు. 2023లో రూర్క్ మరణించెను. అయిదేండ్ల పని నలుబదేండ్లు నిలిచినది.

అశోక్ చౌక్ పాఠకునకు ఇందు ఒక హెచ్చరికయు, ఒక ధైర్యమును కలవు. ఐరిష్ జనులలో అత్యధికులు తమ భాషను పందొమ్మిదవ శతాబ్దముననే విడనాడి ఆంగ్లము నవలంబించిరి. కావున ఆ నలుగురు యువకులకు ఏ భాషలో పాడవలెనను ప్రశ్నయే పుట్టలేదు. దానికి జవాబు వారి తాతల కాలమునందే ముగిసినది. ఇది హెచ్చరిక. సోలాపుర తెలుగువారి ముందు ఆ ప్రశ్న ఇంకను తెరచియే యున్నది. ఇంట మరాఠీ కలిసిన తెలుగును, బడిలో పుస్తకపు తెలుగును, వీథిలో సినిమా పాటను వినుచు ఇచటి బిడ్డలు పెరుగుచున్నారు. మరమగ్గముల చప్పుడు, చాదర్ల రంగులు, బీడీలు చుట్టు తల్లుల వ్రేళ్లు, మార్కండేయుని ఉత్సవము పాటకు తగని వస్తువులని వారు భావించినచో, ఆ తప్పు వారిది కాదు, వారికి అట్లు నేర్పినవారిది.

ఇక ధైర్యము. తమ పేట పేరు, తమ యిండ్ల మాట పాటలో పలుకుటకు తగినవేనని మాంచెస్టరు బిడ్డలు నిరూపించిరి. గిటారు అవసరము లేదు, రాక్ సంగీతమే కానక్కరలేదు. ప్రక్క వీథి కవిని చదివి, తన వీథిని తన నోటి తెలుగులో చెప్పిన చాలును. అట్టి పాట పుట్టిన నాడు దానిని కట్టినవాడు, పాడినవాడు, వాయించినవాడు సమముగ పంచుకొందురుగాక.