సగంలో ఆగిన హార్మోను పాఠం

కొత్తవలస జంక్షనులో విశాఖపట్నం నుండి వచ్చిన దారి రెండుగా చీలుతుంది. ఒకటి విజయనగరానికి, మరొకటి అరకు మీదుగా కిరండూలుకు పోతుంది. పచ్చదీపం చూచి బండి కదులుతుంది. బండి దాటగానే దీపం ఎర్రబడుతుంది. పచ్చదీపం అట్లాగే ఉండిపోతే వెనుక వచ్చే బండికి గండమే. ఈ చిన్న సంగతిని మన హార్మోను పాఠాలు తరచు మరచిపోతున్నవి.

పాఠం సాధారణంగా ఇట్లా నడుస్తుంది. ఆకలివేళ గ్లూకగాన్ కాలేయ కణపు పైపొరను తాకుతుంది. లోపల ఏ.టి.పి. నుండి చక్రీయ ఏ.ఎం.పి. తయారై, ఆ వార్తను ఎంజైములకు అందిస్తుంది. గ్లైకోజెన్ విడిపోయి గ్లూకోజు రక్తంలోకి వస్తుంది. ఇంతటితో సరి. చెప్పినదానిలో తప్పు లేదు. కాని ఈ పని ఆగేదెట్లా అని విద్యార్థి అడిగితే పాఠంలో జవాబు ఉండదు.

జవాబు ఫాస్ఫోడయెస్టరేజు అనే ఎంజైముల కుటుంబంలో ఉన్నది. చక్రీయ ఏ.ఎం.పి.లోని ఫాస్ఫేటు రైబోజు చక్కెరను 3, 5 స్థానాలు రెండింటా పట్టుకొని వలయంగా ఉంటుంది. ఈ ఎంజైము ఒక నీటి అణువును చేర్చి 3వ స్థానంలోని బంధాన్ని తెంచుతుంది. వలయం విచ్చి మామూలు ఏ.ఎం.పి. అవుతుంది. అది ఆ వార్తను మోయలేదు. భోజనమైన తరువాత ఇన్సులిన్ కాలేయంలో ఈ ఎంజైములలో ఒకదానిని చురుకుపరుస్తుంది. అనగా ఇన్సులిన్ చేసే పనులలో పాత వార్తను చెరపడం కూడా ఒకటి.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. 1958లో సదర్లాండు, రాల్‌లు చక్రీయ ఏ.ఎం.పి.ని వర్ణించినప్పుడే దానిని విరిచే ఎంజైమునూ గమనించారు. 1962లో బుచర్, సదర్లాండులు ఆ ఎంజైమును ఎద్దు గుండె నుండి తీసి శుద్ధిచేశారు. సదర్లాండుకు 1971లో నోబెల్ బహుమానం లభించింది. ఈ వార్తకు ముడిసరుకైన ఏ.టి.పి.ని 1929లో కండరంలో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు.

మరొక లోపం కూడా చెప్పవలె. కాఫీలోని కెఫీన్ ఈ ఎంజైమును అడ్డుతుంది కనుకనే హుషారు కలుగుతుందని కొందరు బోధిస్తారు. పరీక్షనాళికలో కెఫీన్ దానిని అడ్డే మాట నిజమే. కాని అందుకు కావలసిన మోతాదు, రెండు కప్పుల అరకు కాఫీ వల్ల రక్తంలో చేరేదానికంటె ఎన్నో రెట్లు ఎక్కువ. హుషారుకు ముఖ్యకారణం కెఫీన్ మెదడులో ఎడినోసిన్ గ్రాహకాలను ఆక్రమించడం.

నేను చెప్పిన దీపం పోలికకూ హద్దున్నది. దీపం వెలుగుతుంది, లేదా ఆరుతుంది. కణంలోనైతే తయారీ, విరుపు రెండూ ఒకేసారి జరుగుతుంటవి. చెరువులో నీటిమట్టం వచ్చే కాలువను బట్టీ, పోయే తూమును బట్టీ నిలిచినట్లే, చక్రీయ ఏ.ఎం.పి. మట్టమూ నిలుస్తుంది. మన పాఠం కాలువను చూపి తూమును దాచింది.

ఉపాధ్యాయులు నల్లబల్ల మీద రెండవ బాణాన్ని కూడా గీయవలె. "గ్లూకగాన్ వచ్చినప్పుడు ఏమగును?" అన్న ప్రశ్న పక్కనే "అది పోయిన తరువాత ఏమగును?" అనీ అడగవలె. రెండవదానికి జవాబు చెప్పగలిగిన పిల్లవానికే మొదటిది అర్థమైనట్లు.