పిల్లల్ని చదివే చదువు

‘వాడు మొండివాడు.’ శిశు వికాసం చదివే విద్యార్థి రికార్డులో ఇలా రాస్తే అధ్యాపకురాలు కొట్టేస్తారు. ‘బొమ్మను రెండు చేతులతో అదిమిపట్టుకున్నాడు. పక్కపిల్ల అడిగితే అటు తిరిగి కూర్చున్నాడు’ అని రాస్తే ఉంచుతారు. మొదటిది తీర్పు, రెండోది కంటికి కనిపించిన సంగతి. ఈ రెంటినీ కలపకుండా ఉండటమే ఈ శాస్త్రంలో తొలి పాఠం, అన్నిటికన్నా కష్టమైన పాఠం.

దీనికి పాత చరిత్రే ఉంది. 1839లో పుట్టిన తన పెద్దకొడుకు కోపం, భయం, నవ్వు ఎలా మొదలయ్యాయో చార్లెస్ డార్విన్ రాసిపెట్టుకుని, 1877లో ‘మైండ్’ పత్రికలో అచ్చువేయించాడు. స్విట్జర్లాండ్‌లో జాఁ పియాజే తన ముగ్గురు పిల్లల్ని పసితనం నుంచీ అలాగే గమనించాడు. అయితే కన్నవాళ్ల కళ్లు నచ్చినదాన్నే ఎక్కువగా చూస్తాయి. అందుకే తర్వాతివాళ్లు గడియారం పెట్టుకున్నారు. అమెరికాలో మిల్డ్రెడ్ పార్టెన్ నర్సరీ పిల్లల్ని ఒక్కొక్కరినీ ఒక్కో నిమిషం చొప్పున మళ్లీ మళ్లీ చూసి, ఊరికే నిలబడటం నుంచి నలుగురితో జట్టుకట్టి ఆడటం దాకా ఆరు రకాలను 1932లో వివరించింది. పక్కపక్కనే కూర్చుని ఎవరి ఇసుక వాళ్లు పోసుకోవడం కూడా అందులో ఒకటి.

చూడటంతోపాటు అడగడమూ నేర్వాలి. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమంగా నీళ్లు పోసి, ఒకదాన్ని సన్నని పొడుగు గ్లాసులోకి వంపితే, నాలుగైదేళ్ల పిల్లలు చాలామంది పొడుగు దానిలోనే ఎక్కువున్నాయంటారు. అక్కడ తప్పు దిద్దకూడదు. ‘ఎందుకలా అనుకున్నావు?’ అనాలి. ‘ఇంకో పాప రెండూ సమానమే అంది, నువ్వేమంటావు?’ అని కదిపి చూడాలి. మనకు కావలసింది సరైన జవాబు కాదు, ఆ బిడ్డ ఆలోచన నడిచే దారి.

మన దేశంలో ఈ సాధనకు కళాశాలలే బడులు నడిపాయి. వడోదరలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయానికి చేతన్ బాల్వాడి ఉంది. పసివాళ్ల ఎదుగుదలను కొలిచే భారతీయ కొలమానం ‘దాసి’ని ప్రమీలా ఫాటక్ ఆ నగరంలోనే రూపొందించారు. 30 నెలల వయసు వరకు కదలికలకు 67, మానసిక వికాసానికి 163 అంశాలు అందులో ఉన్నాయి. మెడ నిలపడం, చప్పుడు వైపు తిరగడం లాంటివి ఎప్పుడు రావాలో తెలిస్తేనే ఆలస్యాన్ని వేళకు పట్టుకోగలం.

‘పిల్లల్ని ఆడించడానికి డిగ్రీ ఎందుకు?’ అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. 1975లో మొదలైన అంగన్‌వాడీ వ్యవస్థ ఊరూరా పసివాళ్లను చేరదీస్తోంది. అక్కడ మాట రాని బిడ్డను ‘వాడే నేర్చుకుంటాడులే’ అని వదిలేయడమా, వినికిడి పరీక్షకు పంపడమా అన్నది చూసే మనిషి తర్ఫీదును బట్టి ఉంటుంది. బడిలో, ఆసుపత్రిలో, ఇంట్లో పిల్లల గురించి పెద్దలు తొందరపడి అనే మాటలు వాళ్లను ఏళ్ల తరబడి వెంటాడతాయి. ఆ తొందరను ఆపి ఆధారం అడగడం నేర్పే చదువు ఇది. అలా నేర్చినవాళ్లు ఊరికొకరున్నా ఎంతోమంది పిల్లలకు న్యాయం జరుగుతుంది.